తడవని పక్క

మనిషిని పక్కకు తిప్పడానికి బలం అక్కర్లేదు. ఆ సంగతి గవరమ్మ చేతులకు తెలుసు. అవతలి మోకాలు మడిచి నిలబెట్టాలి. అవతలి చెయ్యి ఛాతీ మీదికి తేవాలి. ఒక అరచెయ్యి భుజం వెనక, ఒకటి తుంటి వెనక. రోగి ఊపిరి వదిలే క్షణం కనిపెట్టి తనవైపు లాక్కుంటే, నీళ్ళు తగ్గిన ఒడ్డున పడవ ఒరిగినట్టు ఎంతటి ఒళ్ళయినా ఒరుగుతుంది. వీపు వెనక దిండు, మోకాళ్ళ మధ్య దిండు, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద చుట్టిన చీరముక్క. దుప్పటిలో ముడత మిగలకూడదు. పొద్దున ముడతగా ఉన్నది సాయంత్రానికి చర్మం మీద ఎర్రగీత అవుతుంది. ఆ గీత పుండు కావడానికి నాలుగు రోజులు చాలు.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఆసుపత్రి మగవాళ్ళ వార్డులో ఇరవై రెండేళ్ళు ఆయాగా చేసింది గవరమ్మ. ఆ పని ఆగిపోయాక, డైరీ ఫార్మ్ అనే పేట‌లో తన ఒంటిగదికి తాళం వేసి రోజూ బస్సెక్కి, మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసుకుంటోంది. యాభై ఆరేళ్ళు. పిల్లలు లేరు. ఇంకే గొప్పా చెప్పుకోని మనిషి ఒక్క మాట మాత్రం చెప్పుకుంటుంది: "నా సేతికింద ఒక్కరికీ వీపు పుండు పడనేదు."

ఆమె పనికి ఒక మొదలుంది. కొత్త ఇంట్లో అడుగు పెట్టగానే చేతులు కడుక్కుని, ముందు వరస కలుపుతుంది. ముసలి బెంగాలీ కొట్టువాణ్ణి బాబా అంది. తమిళ మాస్టారిని అప్పా అంది. తెలుగువాళ్ళయితే నాన్నా. "నాన్నా, నీకు కూతురుంటే సెయ్యదా? అలాగే అనుకో." మొదటిరోజు ఆమె లుంగీ ముడి విప్పుతుంటే కళ్ళు గట్టిగా మూసుకున్న మగవాళ్ళు, మూడోరోజుకి కళ్ళు తెరిచి వాన సంగతి మాట్లాడేవారు. ఆ పిలుపే ఆమెకు చేతి తొడుగు. అది లేకుండా ఆమె ఏ మగవాడి ఒంటి మీదా చెయ్యి వెయ్యలేదు.

కన్నారావుతో మాత్రం కొత్తగా కలపడానికి వరస మిగల్లేదు. ముప్పై ఏడేళ్ళుగా ఆయన ఆమెకు బావగారు.

రక్తసంబంధం కాదు. ఆమె భర్త అప్పలరాముడూ కన్నారావూ కుర్రతనంలో ఒకే ఓడలో విశాఖపట్నం నుంచి వచ్చారు. నాలుగు రోజులు ఒకే చాప మీద పడుకుని, ఒకే పొట్లంలో అటుకులు తిని, హాడో రేవులో దిగేసరికి అన్నదమ్ములయ్యారు. రెండేళ్ళు పెద్ద కాబట్టి కన్నారావు అన్న. గవరమ్మ పెళ్ళిలో పీటల పక్కన అన్నగా నిలబడ్డది ఆయనే. వాళ్ళ తీరంలో తమ్ముడి భార్య బావగారి ముందు మంచం మీద కూర్చోదు, ఎదురుపడి మాట్లాడదు, ఆయన లోపలికొస్తే తలుపు వెనక్కి జరుగుతుంది. దీవుల్లో ఈ మర్యాదలన్నీ ఉప్పుగాలికి తుప్పు పట్టి రాలిపోయాయి. ఈ ఇద్దరి మధ్య మాత్రం రాలలేదు. ఊరినుంచి తెచ్చుకున్న ట్రంకుపెట్టె పోయింది, కంచాలు పోయాయి, అప్పలరాముడు కూడా కామెర్లొచ్చి పోయాడు; ఇదొక్కటే మిగిలింది. ఆరోజు పాడె ముందుకొమ్ము మోసింది కన్నారావు. ఆ తర్వాత మూడు నెలలు తిరిగి ఆమెకు ఆయా పని ఇప్పించిందీ ఆయనే. పని దొరికిందన్న కబురు గుమ్మం బయట నిలబడి, పెరట్లో మందారచెట్టు వైపు చూస్తూ చెప్పి వెళ్ళిపోయాడు.

రేవులో సరుకులెత్తే విన్చీ నడిపిన ఆ మనిషికి ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చింది. ఎడమవైపంతా పడిపోయింది. మూతి ఒరిగింది. భార్య ఎప్పుడో పోయింది. కొడుకు బాబ్జీ దీవుల మధ్య తిరిగే ఓడలో పనిచేస్తాడు. పది రోజులు నీళ్ళ మీద, మూడు రోజులు ఇంట్లో. కోడలు కళ్యాణి స్కూల్లో టీచరు. ఆయన్ని చూసుకునే మగ మనిషి కోసం హాడో అంతా అడిగారు, దొరకలేదు. బాబ్జీ డైరీ ఫార్మ్ వచ్చి గవరమ్మ గుమ్మంలో చతికిలబడ్డాడు.

"పిన్నీ, నువ్వు కాక ఇంకెవరున్నారు మాకు?"

ఆమె కాదనలేకపోయింది. పాడె మోసినవాడికి కాదని ఎలా అంటుంది?

హాడో క్వార్టర్లో ఆమె పని వెంటనే సర్దుకుంది. ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా కలిపిన అన్నం, ముల్లు తీసిన చేప, కుడి దవడవైపు చిన్న చెంచాతో పెట్టేది. గుటక పడిందాకా గొంతు వైపు చూసేది, మొహం వైపు కాదు. పడిపోయిన చేతివేళ్ళను ఒక్కొక్కటీ తెరిచి మూసేది. మాటలు మాత్రం గోడతో.

"మందేసుకోవాలి," అనేది గోడతో.

"సేదుగుంది," అనేవాడు ఆయన అదే గోడతో, సగం నోటితో.

పొద్దున్నే పక్క క్వార్టర్ సత్యారావు వచ్చేవాడు. రేవులో కన్నారావు జట్టువాడు. ఆయన్ని బావా అని, గవరమ్మని సెల్లీ అని పిలుస్తాడు. రోజుకొకసారి కన్నారావును లేపి, కన్నంపెట్టిన కుర్చీ మీద దొడ్డికి కూర్చోబెట్టి, కడిగి, మళ్ళీ మంచమ్మీదికి చేర్చడం ఆయన పని.

"విన్చీ మీద కూకుని పది టన్నులు లేపీవోడివి బావా. ఇప్పుడు నిన్ను లేపడానికి నా నడుం ఇరిగిపోతంది."

"నీకు నడుం... ఎప్పుడుందిరా."

"సెల్లీ, ఇన్నావా? మూతి ఒరిగినా ఎక్కసెక్కం ఒరగనేదు." అని గోడవైపు చూపించేవాడు. "ఈ గోడకి జీతం ఇస్తన్నారేటి? ఇద్దరి మాటలూ మోస్తంది పాపం."

గవరమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

నవ్వు రానిది మూత్రం దగ్గరే. సత్యారావు రోజంతా ఉండడు. పక్కకు ఒరిగి ఒంటిచేత్తో లుంగీ తప్పించి, అదే చేత్తో డబ్బా పట్టుకోవడం కన్నారావు రెండుసార్లు ప్రయత్నించాడు. రెండుసార్లూ డబ్బా ఒరిగి పరుపు తడిసింది. ఆ తర్వాత డబ్బా ఆమె పట్టింది. లుంగీ కిందనుంచి, తల పక్కకు తిప్పుకుని. ఆయన కళ్ళు మూసుకునేవాడు. మూడోరోజుకీ తెరవలేదు. నెలకీ తెరవలేదు.

ఏప్రిల్ వచ్చింది. కుళాయి మూడు రోజులకొకసారి, అరగంట. ఇంట్లో ఉన్న డ్రమ్ములు, బిందెలు, చివరికి ప్రెషర్ కుక్కరు కూడా నింపుకునే రోజులు. ఒక దుప్పటి ఉతకాలంటే రెండు బక్కెట్లు కావాలి. అలాంటి నెలలో కన్నారావు పక్క తడవడం మానేసింది. డబ్బా అడగడం కూడా తగ్గింది. రోజుకు మూడుసార్లు, తర్వాత రెండు, తర్వాత ఒకటి.

"చిన్నత్తా, ఈ వారం ఉతకడానికి ఒక్క చద్దరు కూడా లేదు. అద్భుతం, చమత్కార్ అయిపోయింది!" అంది కళ్యాణి, డ్రమ్ములోకి తొంగిచూసి.

"మీ మావయ్య మనిషే అంత. ఎవర్నీ ఇబ్బంది పెట్టడు," అంది గవరమ్మ. ఆ మాట గర్వంగానే అంది.

వార్డులో అయితే రెండోరోజుకే పట్టేసేది. తడవని పక్కను చూసి భయపడాలని ఇరవై రెండేళ్ళు నేర్చుకుంది. కానీ నీళ్ళు లేని నెల ఆ భయాన్ని తుడిచేసి, దాని చోట సంతోషం పెట్టింది. పైగా ఆయన నీళ్ళు తాగడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అన్నం దగ్గర తప్పదు గానీ, బావగారు నీళ్ళు తాగుతుంటే ఎదురుగా నిలబడకూడదు. స్టీలు గ్లాసు కుడిచేతి దగ్గర పెట్టి, వంటింటివైపు వెళ్ళిపోయేది. తిరిగొచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉండేది.

ఒక మధ్యాహ్నం గుడ్డలు ఆరెయ్యడానికి ఇంటి వెనక్కి వెళ్ళింది. నేల పగిలి ఉంది. గడ్డి గోధుమరంగుకు తిరిగింది. గోడ కింద ఒక్కచోట మాత్రం నల్లగా, చల్లగా ఉంది. అక్కడ నత్తలున్నాయి. వానలు పడితే తప్ప బయటికి రాని, పిడికిలంత పెద్ద నత్తలు. తొమ్మిదో పదో. గోడను పట్టుకుని నెమ్మదిగా పైకి పాకుతున్నాయి. గవరమ్మ తల ఎత్తింది. పైన కన్నారావు మంచం పక్క కిటికీ. కమ్మీల కింద సున్నం మీద నీటిచార.

చేతిలో గుడ్డలు అక్కడే వదిలేసింది.

లోపలికొచ్చి డబ్బా వెలుతురులో పట్టి చూసింది. అడుగున రెండు గుక్కల ద్రవం, డికాక్షన్ రంగులో. మంచం దగ్గరికి వచ్చి ఆయన కుడిచెయ్యి వెనక చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లేపి వదిలింది. చర్మం వెంటనే దిగలేదు. గుడారంలా అలాగే నిలబడింది.

"బావగారూ," అంది. ముప్పై ఏడేళ్ళలో మొదటిసారి మొహం చూసి అన్న మాట. "నీళ్ళు కిటికీలోంచి పారబోస్తన్నారా?"

ఆయన చూపు కిటికీ కమ్మీల మీదికి జరిగింది.

"నీళ్ళు లేని రోజుల్లో, తాగాల్సిన నీళ్ళు నత్తలకి పోస్తన్నారా? ఎన్నాళ్ళ నుంచి?"

సగం నోరు కదిలింది. "నువ్వు... అప్పలరాముడి పెళ్ళానివి."

"అయితే?"

"పైకెల్తే... ఆడు కనబడతాడు గదా. ఏటని సెప్పీది ఆడికి."

"వార్డులో ఎంతమందికి చేశానో పైనుంచి ఆయన చూడలేదా? ఏమీ అనుకోడు."

"ఆళ్ళు ఎవులో. నాను... ఆడి అన్నని."

"తాగకపోతే చచ్చిపోతారు."

"ఔ," అన్నాడు కన్నారావు, టైమెంతయిందో చెప్పినట్టుగా.

"నాన్నా అంటాను," అంది గవరమ్మ గబగబా. "ఇయ్యాల్టినుంచి నాన్నా అనే పిలుస్తాను. సరా? నాన్నా, నోరు తెరువు."

ఆయన ఆమెకేసి జాలిగా చూశాడు. "పేరెడితే... మారిపోద్దేటమ్మా."

అయినా ఆ పూట ఆమె మాట తీసెయ్యలేక చెంచాతో పోసిన రెండు గ్లాసులూ తాగాడు. సాయంత్రం దాకా బిగబట్టుకున్నాడు. చివరికి డబ్బా పెట్టినప్పుడు మూసిన కళ్ళ కొసల నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి దిగాయి. మర్నాడు చెంచా తెస్తే పెదవులు తెరవలేదు. గవరమ్మ బతిమాలింది. తిట్టింది. సత్యారావు చేత తిట్టించింది. సత్యారావు ఎదురుగా నాలుగు గుక్కలు తాగి, ఆయన వెళ్ళగానే మళ్ళీ పెదవులు బిగించాడు. మూడోరోజు మంచం ఊగిపోయేంత చలిజ్వరం వచ్చింది. బాబ్జీ ఓడ ఎక్కడో ఉత్తరాన ఉంది. కళ్యాణి అంబులెన్సును పిలిచింది.

ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. మూత్రనాళంలోంచి రబ్బరు గొట్టం వేసి, దాని చివర సంచి తగిలించారు. రెండు రోజులు ఆయన ఎవరినీ గుర్తు పట్టలేదు. మూడోరోజు కళ్ళు తెరిచి, అడక్కుండానే అన్నాడు: "నీళ్ళు."

గవరమ్మ పట్టింది. తాగాడు. ఇంకో గ్లాసు అడిగి తాగాడు. జ్వరం దాహమనుకుంది. తర్వాత ఆయన చూపు ఎక్కడుందో చూసింది. దుప్పటి కిందనుంచి బయటికొచ్చి, మంచం పక్కగా దిగి, సంచిలోకి పోతున్న గొట్టం మీద ఉంది. ఎవరి చెయ్యీ అక్కర్లేకుండా, ఎవరూ తల తిప్పుకోనక్కర్లేకుండా నీళ్ళు వాటంతటవే పోతున్నాయి. ఆయన మొహం విప్పారింది. పడిపోయిన సగంతో సహా.

ఇంటికి తెచ్చిన పదో రోజు నర్సు చాందిని వచ్చింది. దీవుల్లోనే పుట్టిన పిల్ల, వార్డులో కొత్తగా చేరినప్పుడు మనిషిని తిప్పడం గవరమ్మ దగ్గరే నేర్చుకుంది. బయట ఆ ఏడు మొదటి వాన మొదలైంది.

"డాక్టర్ సాబ్ రాశారు ఆంటీ. ఇంట్లోవాళ్ళు సంభాళించగలిగితే ట్యూబ్ తీసెయ్యమని. మీరున్నారు కదా, టెన్షనే లేదు. నికాల్ దేతీ హూఁ, ఇప్పుడే తీసేస్తా." చేతి తొడుగులు వేసుకుంటోంది.

"ఉంచితేనో?" అంది గవరమ్మ.

"నెలకోసారి మార్చాలి. రోజూ సాఫ్‌గా కడగాలి. ఎంత కడిగినా ఒక రోజు ఇన్ఫెక్షన్ లోపలికెళ్తుంది. మీకు నేను చెప్పాలా? 'గొట్టం మనిషిలోకి తెరిచిన తలుపు' అని మీరే కదా చెప్పేవారు."

ఔను, ఆమే చెప్పేది. గొట్టంతో ఇంటికి పోయి, ఆరు నెలలకో ఏడాదికో జ్వరంతో తిరిగొచ్చి, మళ్ళీ ఇంటికి పోనివాళ్ళు ఎందరో ఆమెకు గుర్తున్నారు. మంచం వైపు చూసింది. కన్నారావు కుడిచెయ్యి దుప్పటి మీదుగా గొట్టాన్ని పట్టుకుని ఉంది. పసిపిల్లాడు తల్లి కొంగు పట్టుకున్నట్టు కాదు. రేవులో జారుతున్న మోకును పట్టుకున్నట్టు. ఆయన ఆమెను చూడటం లేదు. గోడను చూస్తున్నాడు. గొట్టం తీస్తే రెండు వారాల్లో ఎండిపోతాడు. ఉంచితే కొన్నాళ్ళు తాగి, బతికి, ఆ గొట్టంతోనే పోతాడు. ఇది తెలిసిన మనిషి ఆ గదిలో తనొక్కతే.

"నావల్ల కాదు," అంది.

"క్యా?"

"నావల్ల కాదమ్మా. డబ్బా పట్టడం, పక్కలు మార్చడం. వయసైపోయింది. గొట్టం ఉంచీయ్."

చాందిని తెల్లబోయి చూసింది. గుమ్మంలో ఉన్న కళ్యాణి గొంతు లేచింది. "అదేంటి చిన్నత్తా? ఇరవై రెండేళ్ళు వార్డంతా చేశానన్నావ్. ఇప్పుడు ఒక్క మనిషికి చెయ్యలేవా? నీ పని ఆసాన్‌గా, తేలిగ్గా అవ్వడానికి మావయ్యకి గొట్టమా?"

"అలాగే అనుకో."

"చెప్పుకోడానికి సిగ్గు కూడా లేదు."

గవరమ్మ వంగి, మంచం పక్కన వేలాడే సంచిని సర్దింది. వీపు పుండ్ల సంగతి తప్ప ఇంకే గొప్పా లేని మనిషి, ఉన్న ఆ కాస్త పేరునూ ఆ గదిలో తన చేత్తోనే పారబోసింది. మంచం మీద కన్నారావు పిడికిలి మెల్లగా వదులైంది. ఆ మధ్యాహ్నం రెండు గ్లాసులు తాగాడు.

ఆ తర్వాత మూడు నెలలు ఆయన బాగానే బతికాడు. ఒంటికి కాస్త కండ వచ్చింది. చక్రాలకుర్చీలో వరండాలోకి తీసుకెళ్తే, వానపొగ వెనక కనబడని ఓడ కూత విని దాని పేరు చెప్పేవాడు. సత్యారావు కాదని పందెం కాసి ఓడిపోయేవాడు. బాబ్జీ తెచ్చిన చేప ఉప్పు తక్కువైందని కోడల్ని గోడతో తిట్టాడు. గొట్టం గురించి ఒక్క మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

రోజూ పొద్దున్నే గవరమ్మ గోరువెచ్చని సబ్బునీళ్ళు, మరగబెట్టి ఆరేసిన నాలుగు గుడ్డముక్కలు ఆయన కుడిచేతి దగ్గర పెట్టేది. వెనక్కి తిరిగి గోడకు ఎదురుగా నిలబడేది.

"గొట్టం లోపలికెళ్ళే చోటునుంచి బయటికి తుడవాలి. ఒక ముక్కతో ఒక్కసారే," అని గోడకు చెప్పేది.

వెనకనుంచి నీళ్ళ చప్పుడు. వణికే ఒక్క చేతి చప్పుడు. తుడవడం మరీ త్వరగా అయిపోయేది. అంత త్వరగా అది శుభ్రం కాదని ఆమెకు తెలుసు. సత్యారావు కడిగేవాడు కానీ ఆయన కళ్ళకు పొరలు. ఆ చోటికి వచ్చేసరికి నాలుగు చెంబులు గుమ్మరించి అయిపోయిందనేవాడు. తిరగాలని ఆమె రోజూ అనుకునేది. ఒక్కసారి తిరిగి, ఆ గుడ్డముక్క తన చేతిలోకి తీసుకుంటే రెండు నిమిషాల పని. తిరిగితే మర్నాడు ఆ పెదవులు మళ్ళీ బిగుసుకుంటాయేమోనని ఆగిపోయేది. ఆ భయం ఎంత నిజమో, తన సిగ్గు అందులో ఎంతుందో, ఆమె ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు.

జూలైలో ఒకసారి జ్వరం వచ్చి తగ్గింది. ఆగస్టులో మళ్ళీ వచ్చింది. మందులు మార్చారు. విషం రక్తంలోకి పోయిందన్నారు. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంటికొచ్చిన రెండో రోజు పొద్దున పదింటికి, వాన కాస్త తెరిపిచ్చిన వేళ, కన్నారావు ఊపిరి వదిలి మళ్ళీ తీసుకోలేదు. బాబ్జీ పక్కనే ఉన్నాడు. వీపు మీద ఒక్క ఎర్రగీత కూడా లేదు.

మగవాళ్ళు స్నానం చేయించడానికి లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. కాసేపటికి సత్యారావు బయటికొచ్చాడు.

"సెల్లీ, ఆ గొట్టం రావట్లేదు. లోపలేదో పట్టుకుంది."

"లాగకండి!" గవరమ్మ లేచింది. "లోపల బుడగ ఉంటది. సిరంజితో దాన్లో నీళ్ళు తియ్యాలి."

బాబ్జీ కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "చాందిని దీదీ డ్యూటీలో ఉందంట పిన్నీ. రెండు గంటలు పడుతుంది. ఆగుదామా? నువ్వెలా... నాన్నకి నువ్వు..."

"గొట్టంతో పంపిస్తామా ఆయన్ని?" అంది గవరమ్మ. "అందరూ బయటుండండి."

లోపలికెళ్ళి తలుపు దగ్గరకేసింది. గోడకు నమస్కారం పెట్టబోయినట్టు ఒక్క క్షణం నిలబడి, తర్వాత మంచం వైపు తిరిగింది. లుంగీ తప్పించింది. మందుల పెట్టెలోని సిరంజి పెట్టి బుడగలో నీళ్ళు లాగింది. పది మిల్లీలీటర్లు. గొట్టాన్ని నెమ్మదిగా, బతికున్నవాడికి తీసినంత నెమ్మదిగా బయటికి తీసింది.

అప్పుడు చూసింది. గొట్టం ఒరుసుకున్న చోట చర్మం చీలి ఉంది. చుట్టూ పసుపుపచ్చగా పెచ్చు కట్టింది. మడతల్లో పేరుకున్న సబ్బు, చీము, ఎవరి చెయ్యీ సరిగా పడని మురికి. ఇంత నొప్పి ఒక్కరోజు కూడా గోడతో చెప్పలేదు ఆ మనిషి.

మంచం అంచున కూర్చుంది. గుడ్డముక్క నీళ్ళలో ముంచింది. పెచ్చు వెంటనే రాలేదు. గీకితే చర్మం లేస్తుంది. నానబెట్టాలి.

తలుపు మీద చిన్నగా తట్టారు. "అయిపోయిందా సెల్లీ? వాన మళ్ళీ వచ్చీలాగుంది," అన్నాడు సత్యారావు.

"అవనేదు," అంది గవరమ్మ, తల ఎత్తకుండా. "ఇంకో చెంబు వేడినీళ్ళు గుమ్మం దగ్గర పెట్టండి. లోపలికి రాకండి."